వదిన ఉందిగా

క్యోటో,
26 అక్టోబరు 2025

వదినా,

ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకర్ పెడతాడు. నువ్వు వంటింట్లోంచే "బాగున్నావా వేదా" అని ఒక కేక వేసి ఊరుకుంటావు. అందుకే ఈ ఉత్తరం. రెండు వారాల్లోపు విజయవాడ చేరుతుందని పోస్టాఫీసులో చెప్పారు. చేత్తో తెలుగు రాసి ఎన్నేళ్ళయిందో! కాలేజీలో నేను చెప్పే ఆహారశాస్త్రం అంతా ఇంగ్లీషే కదా. ఒత్తులు ఎటు తిరగాలో ఆలోచించుకుంటూ రాస్తున్నాను, నవ్వకు.

నిన్న శనివారం. మా ల్యాబ్‌లో పనిచేసే మొరిత అనే ఆవిడ "ఊరగాయల మీద పరిశోధనకని ఇంత దూరం వచ్చి సీసాలు చూస్తూ కూర్చుంటే ఎలా?" అని నన్ను పొద్దున్నే బయల్దేరదీసి, సాయంత్రం దాకా పాత కొట్లన్నీ తిప్పింది. ఇక్కడ ఒకే కుటుంబం తరతరాలుగా నడిపే కొట్లని శినిసే అంటారు. వందేళ్ళ కొట్టంటే ఈ ఊళ్ళో కొత్తదే.

ముందు దువ్వెనల కొట్టుకి వెళ్ళాం. ఒక ముసలాయన చాప మీద కూర్చుని, ఎండిన గడ్డికాడతో చెక్క దువ్వెన పళ్ళ సందుల్లో నున్నగా రుద్దుతున్నాడు. మేం ఉన్న అరగంటలో ఆ దువ్వెన ఒక చివర నుంచి ఇంకో చివరకి రాలేదు. ఆయన మాకేసి తల కూడా ఎత్తలేదు. తర్వాత ఒక టీ పొడి కొట్టు. అక్కడ తేయాకు వేయించే వాసన వీధి మలుపు దాకా వచ్చి మనల్ని లోపలికి లాక్కుపోతుంది. మధ్యాహ్నం భోజనానికి సన్నటి సందులో ఒక చిన్న హోటలు. సోయా పాలు కాచి, పైన కట్టిన మీగడని పుల్లతో ఎత్తి, వేడివేడిగా పెడతారు. అదే వాళ్ళ పేరున్న వంటకం. నేను శాకాహారినని మొరిత ముందే చెప్పి ఉంచింది. ఉప్పు తప్ప ఇంకేం లేదు వదినా, అయినా ఎంత బాగుందో!

చివరికి నిషికి బజారు వెనక సందులో ఊరగాయల కొట్టు. పద్నాలుగో తరం. గుమ్మానికి నీలం తెర, లోపల మనిషెత్తు చెక్క పీపాలు. వంకాయనీ ఒక ఎర్రాకునీ ఉప్పులో ఊరేసి, పైన నదిలోంచి తెచ్చిన బండరాళ్ళు పెడతారు. ఒక పెద్దావిడ మోచేతుల దాకా ఆ ఉప్పునీళ్ళలో పెట్టి కలుపుతోంది. ఆ పుల్లటి వాసన తగలగానే నాకు మన హోటలు గుర్తొచ్చి కళ్ళనీళ్ళు తిరిగాయి. మొరిత కంగారుపడింది.

1956లో నాన్న చిట్టినగర్లో పెట్టిన హోటలు. అప్పయ్య గారి పెసరట్టు, అప్పయ్య గారి కొరివికారం అంటే బందరు నుంచి కూడా వచ్చి తిన్నారు. వీళ్ళు పద్నాలుగు తరాలు నిలబెట్టుకున్నారు, మనం రెండో తరానికే బుడమేరు వరద పేరు చెప్పి తాళం వేసేశాం. బురద కడుక్కుని మళ్ళీ తెరవలేకపోయాడా అన్నయ్య?

సరే, అసలు సంగతి. నా పాత స్టూడెంటు సంజీవరావు బెంజి సర్కిల్లో పాతకాలపు హోటలొకటి పెడుతున్నాడు. దానికి నాన్న పేరే పెడతానంటున్నాడు. నేను మార్చిలో వచ్చేలోగానే తెరిచేస్తాడట. గోంగూర, కొరివికారం, అల్లం పచ్చడి, కందిపొడి, ఈ నాలుగింటికీ నాన్న కొలతలు నీకే తెలుసు. రాసి పంపించు. నాన్న చేతి రుచి పోకుండా ఉంటుంది.

నీ
వేద


భవానీపురం,
12 నవంబరు 2025

చిరంజీవి వేదకి,

నీ ఉత్తరం అందింది. నీ ఒత్తులు బాగానే ఉన్నాయి. రెండుసార్లు చదువుకున్నాను. మీ అన్నయ్యగారికి కూడా చదివి వినిపించాను. ఆయన కులాసా. బీపీ మాత్ర వేసుకోమని గుర్తుచెయ్యాలి, అంతే.

ఇక్కడ కార్తీకమాసం. తెల్లారకముందే భవానీ ఘాట్‌కి జనం. ఎదురింటి మార్త గారు, గుణదల నుంచి ఇటు మారిన రిటైర్డు నర్సమ్మ, ఆ మైకుల హోరుకి నిద్రపట్టక నాలుగింటికే లేచి మొక్కలకి నీళ్ళు పోస్తోంది. చలి ఇంకా మొదలవలేదు. అక్కడ చలి ఎక్కువ కదా, చెవులకి కట్టుకో.

నువ్వు తిరిగిన కొట్ల గురించి బాగా రాశావు. ఒక్కటి మాత్రం రాయలేదు. ఊరగాయల కొట్లో ఉప్పునీళ్ళలో చేతులు పెట్టిన పెద్దావిడ ఎవరు? ఆ ఇంటి ఆడపడుచా, కోడలా? ఆవిడ చేతులెలా ఉన్నాయి? వీలుంటే కనుక్కుని రాయి. ఊరికే, తెలుసుకుందామని.

కొలతలు నాకు కాగితం మీద పెట్టే అలవాటు లేదు. కంటితో చూసి వెయ్యడమే. నాలుగు నెలలుగా మోకాళ్ళ నొప్పులు కూడా. సంజీవరావు చదువుకున్న కుర్రాడు, ఇంకెవర్నైనా చూసుకోగలడు.

ఆరోగ్యం జాగ్రత్త.

వదిన


క్యోటో,
30 నవంబరు 2025

వదినా,

నాలుగు పచ్చళ్ళు అడిగితే మోకాళ్ళ నొప్పులంటావా? నువ్వు నిలబడి వండాల్సిన పనిలేదు, కూర్చుని రాస్తే చాలు. అందరూ సంతోషించాల్సిన విషయంలో నువ్వెందుకిలా బిగుసుకున్నావో అర్థం కాలేదు.

నువ్వడిగావని మొరితని తీసుకుని మళ్ళీ ఆ కొట్టుకి వెళ్ళాను. ఆవిడ ఆ ఇంటి కోడలే. ఇరవైరెండో ఏట వచ్చిందట, ఇప్పుడు డెబ్భై ఎనిమిది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి, మానిన గాట్లు తెల్లగా ఉన్నాయి. జులైలో ఈ ఊళ్ళో పెద్ద రథాల పండగ జరుగుతుంది. ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారు. ఆ రథాలు వీళ్ళ కొట్టుకి రెండు వీధుల అవతల నుంచే వెళ్తాయి. యాభై ఆరేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదట! ఆ రోజుల్లోనే కొట్లో తీరిక ఉండదు కాబట్టి. "డప్పులు మాత్రం వినిపిస్తాయి" అంది నవ్వుతూ. నాకు ఒళ్ళు పులకరించింది. అదీ అంకితభావమంటే. మనలో అదే కరువైంది.

నిన్న అన్నయ్యతో మాట్లాడాను. నాన్న పేరూ ఫొటో వాడుకోడానికి అభ్యంతరం లేదన్నాడు. సంజీవరావు తెచ్చిన కాగితం మీద సంతకం కూడా పెట్టాడట. నీకు చెప్పలేదా?

ఇంకొకటి. నువ్వు కొలతలు రాయనన్నావని యేసుబాబుకి ఫోన్ చేశాను. ఇరవై ఏళ్ళు మన గ్రైండర్ దగ్గర పనిచేసినవాడు కదా, ఏమైనా గుర్తుంటుందని. అతను మాటల్లో ఏమన్నాడో తెలుసా? "వరద వంకండీ మేడమ్. పదిహేను రోజుల్లో శుభ్రంగా కడిగేశాం. తాళం ఏసింది అమ్మగారేనండీ. ఎవరికీ చెప్పద్దని అయ్యగారన్నారు."

నిజమేనా వదినా? అరవై ఎనిమిదేళ్ళ హోటలు నువ్వు మూయించావా? నాన్న బతికుంటే ఏమైపోయేవాడు? ఇప్పుడు కొలతలూ ఇవ్వనంటున్నావు. నాన్న రుచిని నీతోపాటే పట్టుకుపోదామనా?

నాకు జవాబు కావాలి.

వేద


భవానీపురం,
17 డిసెంబరు 2025

వేదశ్రీ గారికి,

యేసుబాబు చెప్పింది నిజం. తాళం వేసింది నేనే. జవాబు కావాలన్నారు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. ఎదురుగా అయితే మీ ఇంట్లో ఎవరూ నన్ను మాట చివరిదాకా చెప్పనివ్వరు. కాగితం అడ్డు రాదు.

నాన్న చేతి రుచి అని రెండుసార్లు రాశారు. 1998లో మామయ్యగారు పంజా సెంటర్లో స్కూటర్ మీంచి పడ్డారు. మీరు అప్పుడు హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నారు. తలకి చిన్న దెబ్బ అని చెప్పాం మీకు. కట్టు విప్పిన వారానికి ఆయన వంటింట్లోకి వచ్చారు. పొయ్యి మీద పోపు మాడి పొగ లేస్తోంది. ఆయన దానికి వీపు పెట్టి, బెత్తెడు దూరంలో నిలబడి నాతో కూరగాయల గురించి మాట్లాడుతున్నారు. "మామయ్యగారూ, పోపు మాడుతోంది" అన్నాను. వెనక్కి తిరిగి చూసి కూడా నమ్మలేదు. వంగి వాసన పీల్చారు. మళ్ళీ పీల్చారు. అక్కడే పీట మీద కూలబడిపోయారు.

ఆయనకి వాసన పోయింది వేదశ్రీ గారూ. మళ్ళీ రాలేదు. ఉప్పూ పులుపూ నాలిక్కి తెలిసేవి. ఇంగువకీ మెంతికీ తేడా తెలిసేది కాదు. "అమ్మా కనకవల్లీ, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. బయటికి పొక్కితే హోటల్ పోతుంది" అన్నారు. అంత పెద్దమనిషి నా ముందు తలొంచుకుని అడిగితే కాదనలేకపోయాను. అప్పటినుంచి ఆయన పోయేదాకా పంతొమ్మిదేళ్ళు, ప్రతి పచ్చడీ ప్రతి పొడీ నా నాలుక మీంచే బయటికి వెళ్ళింది. ఆయన ముందు కౌంటర్లో కూర్చుని, అందరూ పొగుడుతుంటే దండం పెట్టేవారు. మీ అన్నయ్యగారికి కూడా ఆయన పోయాకే తెలిసింది. మామయ్యగారికి కళాక్షేత్రంలో శాలువా కప్పిన రోజు మీరంతా ముందు వరసలో కూర్చున్నారు. సభ అయ్యాక పెద్దవాళ్ళు భోజనానికి వస్తారని నేను హోటల్లో పనసపొట్టు కొడుతున్నాను.

దానికి ముందు 1994. నాకు టీచరు ఉద్యోగం ఆర్డరు వచ్చింది. మా మైలవరం హైస్కూల్లోనే. బీఎస్సీ, బీఎడ్ ఊరికే చేశానా? అప్పటికి అత్తయ్యగారు మంచం పట్టారు. నేను చేరితే వంటింట్లోకి మనిషి కావాలి. కొన్నాళ్ళు వేద చూసుకుంటుందా అని మామయ్యగారు అడిగారు. తలుపు పక్కనే ఉన్నాను, విన్నాను. "నాకు డిగ్రీ పరీక్షలు నాన్నా, వదిన ఉందిగా" అన్నారు మీరు. చదువుకునే పిల్లని ఇందులోకి లాగడం న్యాయం కాదని నేనే ఊరుకున్నాను. చేరాల్సిన గడువు దాటిపోయింది.

2003 దసరా. మూలా నక్షత్రం రోజు. కొండ కింద నుంచి మన హోటలు దాకా జనమే. పొద్దున ఎనిమిదింటికి మా తమ్ముడు ఫోన్ చేశాడు, అమ్మకి బాగాలేదు, నిన్ను చూడాలంటోందని. మైలవరం ఎంత దూరం, గంట ప్రయాణం. మీ అన్నయ్యగారు "మధ్యాహ్నం భోజనాలు అయిపోనీ, కారు పెడతాను. ఇవ్వాళ నువ్వు లేకపోతే పరువు పోతుంది" అన్నారు. రెండున్నరకి బయల్దేరాను. నేను వెళ్ళేసరికి గుమ్మం ముందు నీళ్ళు చల్లి ఉన్నాయి. అప్పటికే తీసుకెళ్ళిపోయారు. ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళకూడదన్నారు. నా చేతులు ఇంకా అల్లం వాసన కొడుతూనే ఉన్నాయి.

రథాలు చూడని ఆవిడ మాట విని మీకు ఒళ్ళు పులకరించిందన్నారు. నేను ఆ కాగితం మడిచి పక్కన పెట్టేశాను. ఆవిడ నవ్వుతూ చెప్పింది అన్నారే, మీలాంటి చుట్టం ఎదురుగా నిలబడి మెచ్చుకుంటుంటే నవ్వక ఏం చేస్తుంది?

ఇక వరద. నీళ్ళు తీశాక బురద ఎత్తించడానికి వెళ్ళాను. ఒక రోజు పదకొండు గంటలకి, హోటలు వంటగదిలో కడిగిన గచ్చు మీద కూర్చున్నాను. పొయ్యి లేదు. అమ్మగారూ సాంబారు, అమ్మగారూ పచ్చడి అని ఎవరూ కేక వెయ్యలేదు. ముప్పై అయిదేళ్ళలో ఆ వేళప్పుడు ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. అలా ఒంటిగంట దాకా కూర్చున్నాను. ఇంటికొచ్చి మీ అన్నయ్యగారితో "మీరు తెరుచుకోండి. నేను మాత్రం లోపలికి రాను" అన్నాను. ఆయన బతిమాలారు, అరిచారు, వంటమనిషిని పెట్టి పది రోజులు నడిపారు కూడా. ముందు కౌంటర్లో కూర్చోడం వేరు, లోపల ఏం జరగాలో తెలియడం వేరు. విసుగొచ్చి తాళం చెవులు నా ముందు పడేశారు. నేనే వెళ్ళి వేసొచ్చాను. పెళ్ళాం మాట వినలేదంటే నామోషీ కాబట్టి వరద అని చెప్పమన్నారు. చెప్పాను.

ఇప్పుడు ప్రతి మంగళవారం మార్త గారూ నేనూ వన్‌టౌన్ వెళ్తున్నాం. మీరు క్యోటోలో తిరిగినట్టే. ఇన్నేళ్ళుండి ఈ ఊళ్ళో ఒక్క సందు తెలియదు నాకు. పాత శివాలయం దగ్గర సెనగపిండి మిఠాయి చేసే కొట్టు చూశాం, అత్తరు సీసాల కొట్టు చూశాం. ఒక చిన్న కాకా హోటల్లో బల్ల ముందు కూర్చుని ఇడ్లీ అడిగాను. ఎవరో వండింది, పొగలు కక్కుతూ వచ్చింది. చట్నీలో ఉప్పు తక్కువ. మార్త గారు "చెప్పనా వాళ్ళకి?" అంది. వద్దన్నాను. ఆ ఉప్పు సంగతి నేను చూడక్కర్లేదనుకుంటే ఎంత హాయిగా ఉందో మీకు చెప్పినా తెలియదు.

సంతకం గురించి ఆయన నాకు చెప్పలేదు. మీ ఉత్తరం చూసే తెలిసింది.

కొలతలు ఇవ్వను.

కనకవల్లి


క్యోటో,
6 జనవరి 2026

వదినా,

గారు అనొద్దు. ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది, ల్యాబ్‌కి వెళ్ళి పని చేస్తున్నాను గానీ ఏం చేస్తున్నానో తెలియట్లేదు. నాన్న సంగతి నిజంగా నాకు తెలియదు. మీ అమ్మగారు పోయినప్పుడు నేను పరామర్శకి కూడా రాలేదు. సెమిస్టరు మధ్యలో సెలవు దొరకదని అన్నయ్యకి ఫోన్‌లో చెప్పాను. నీతో మాట్లాడాలన్న ఆలోచన కూడా రాలేదు.

సంజీవరావుకి ఆపమని చెప్పాను. అతను "మేడమ్, బోర్డులు వచ్చేశాయి, సార్ సంతకం పెట్టారు, ఫిబ్రవరి అయిదున ముహూర్తం. ఇప్పుడెలా ఆపుతానండీ? రుచి సంగతి యేసుబాబు చూసుకుంటానన్నాడు" అన్నాడు. గట్టిగా మాట్లాడితే ఆగేవాడేమో. మాట్లాడలేదు. ఇందులో నా పేరు కూడా ఉంది, నలుగురికీ చెప్పుకున్నాను. కావాలంటే నాన్న ఫొటో పక్కన నీ ఫొటో కూడా పెట్టిస్తాను. ఈ మాట రాస్తుంటేనే ఎంత లేకిగా ఉందో నాకే తెలుస్తోంది.

ఇంకొక్కటి చెప్పాలి. చెప్పకుండా కూడా ఉండొచ్చు, నీకు తెలిసే దారి లేదు. నీకు ఉద్యోగం ఆర్డరు వచ్చింది జూన్‌లో. నా పరీక్షలు ఏప్రిల్లోనే అయిపోయాయి వదినా. ఆ సంగతి నాన్నకి తెలియదు, నేను చెప్పలేదు. నాకు ఆ వంటింట్లోకి వెళ్ళాలంటే భయం. ఒకసారి లోపలికి వెళ్తే ఇక బయటికి రానివ్వరని అమ్మని చూసి నాకు తెలుసు. తెలిసే నిన్ను లోపల ఉండనిచ్చాను.

క్షమించమని అడిగే మొహం లేదు. ఒక్క ముక్క రాయి చాలు.

వేద


భవానీపురం,
9 ఫిబ్రవరి 2026

శ్రీమతి వేదశ్రీ గారికి,

మీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. పరీక్షల సంగతి చదివాక వెంటనే రాస్తే ఏం రాసేదాన్నో అని ఆగాను.

అయిదో తారీఖున హోటలు తెరిచారు. వెళ్ళకూడదనుకున్నాను. మీ అన్నయ్యగారు "నువ్వు రాకపోతే నలుగురూ ఏమనుకుంటారు" అంటే మార్త గారిని తోడు తీసుకుని వెళ్ళాను. గుమ్మం మీద మామయ్యగారి ఫొటో నిలువెత్తున పెట్టారు. అప్పయ్య గారి చేతి రుచి అని కింద పెద్ద అక్షరాలు. మీ అన్నయ్యగారిని ముందు కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశారు. చాలాకాలానికి ఆయన మొహంలో సంతోషం చూశాను. నా ఫొటో పెట్టలేదు. మీరు చెప్పలేదేమో, చెప్పినా వాళ్ళు పెట్టలేదేమో. ఎలాగైనా మంచిదే.

బంతిలో కూర్చున్నాం. గోంగూరలో మెంతిపిండి ఎక్కువై చేదొచ్చింది. కొరివికారంలో ఇంగువ లేనే లేదు. అల్లం పచ్చడికి బెల్లం పాకం పట్టి అంటుకుపోయేలా చేశారు. యేసుబాబుకి రుబ్బడం తెలుసు, పాపం, కలపడం ఎప్పుడు చూశాడు?

నా పక్క బల్ల దగ్గర లయోలా కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన కూర్చున్నాడు. మన హోటల్లో ముప్పై ఏళ్ళు రోజూ తిన్న మనిషి. ఆయన ఏమంటాడా అని నాకు తెలియకుండానే చెయ్యి ఆపి చూస్తున్నాను. ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "అదే రుచండీ! వీసమెత్తు తేడా లేదు. అప్పయ్య గారు మళ్ళీ లేచొచ్చినట్టుంది" అన్నాడు. ఎదుటివాళ్ళు అవునవునన్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

అంతా అదే మాట. తిరిగి వచ్చేదాకా అదే మాట. ఒక్కరంటే ఒక్కరికి తేడా తెలియలేదు వేదశ్రీ గారూ.

మీ పరీక్షల సంగతి చదివినప్పుడు కోపం వచ్చింది. ఆ కోపం పెద్దది కాదు, పంతొమ్మిదేళ్ళ పిల్ల భయపడింది, పారిపోయింది, నాకూ తెలివుంటే అదే చేసేదాన్ని. ఆ బంతిలో కూర్చున్నప్పుడు వచ్చింది వేరు. నేను లేకపోతే పరువు పోతుందన్నారు. నేనూ నమ్మాను. నా చెయ్యి పడకపోతే జనం ఆకు ముందు నుంచి లేచిపోతారని ఇన్నేళ్ళూ లోలోపల గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు. ఆ మూలా నక్షత్రం రోజు ఎవరు వండినా వాళ్ళు తినే ఉండేవాళ్ళు. బాగుందనే అనేవాళ్ళు. నేను ఎనిమిదిన్నర బస్సెక్కి ఉండొచ్చు.

వడ్డించే అమ్మాయి వచ్చి "ఎలా ఉందండీ మేడమ్?" అని అడిగింది. మార్త గారు నాకేసి చూసింది. "బాగుందమ్మా" అన్నాను.

ఒక్క ముక్క రాయమన్నారు, చాలా రాశాను. ఇక రాయను. మీరు మార్చిలో వస్తే ఇల్లు మీ పుట్టిల్లే, మీ అన్నయ్యగారు ఉంటారు. నన్ను చూడాలనిపిస్తే మాత్రం ముందు ఫోన్ చేసి రండి. నేను ఇంట్లోనే ఉంటానని అనుకోవద్దు.

కనకవల్లి